ఓటమిని ఒప్పుకొన్న ఉద్యమం: ట్యునీషియా అనుభవం మనకేమి చెబుతోంది?

మన యువకుల నోట ఇటీవల ఒక ప్రశ్న తరచుగా వినవస్తోంది. "ఎన్నికల బాట పట్టి ఇస్లామీయ ఉద్యమాలు సాధించిందేమిటి? అల్జీరియాలో గెలిస్తే ఎన్నికలనే రద్దు చేశారు. ఈజిప్టులో గెలిస్తే అధ్యక్షుణ్ణి చెరసాలలో పెట్టారు. ఆయన న్యాయస్థానంలోనే కుప్పకూలి కన్నుమూశారు. ట్యునీషియాలో ఎంతగా సర్దుకుపోయినా ఆ వృద్ధ నాయకుడికి చివరకు దక్కింది జైలే. ఇక బ్యాలెట్టును నమ్మమని మాకెందుకు చెబుతారు?" ఈ ప్రశ్న వెనుక ఉన్న ఆవేదన నిజమైనది. దానిని కసరి నోరు మూయించడం పెద్దరికం అనిపించుకోదు. సమాధానం చెప్పవలసిన బాధ్యత మనపై ఉంది.

మరొకవైపు, మనకు మిత్రులుగా ఉండే ఉదారవాదులలో కొందరు అంతే తేలికగా ఇంకొక మాట అంటారు. ఇస్లామీయ ఉద్యమాలకు ఎన్నికలు ఒక నిచ్చెన మాత్రమేననీ, మేడ ఎక్కగానే ఆ నిచ్చెనను తన్నివేస్తారనీ వారి అనుమానం. మొదటివారు బ్యాలెట్టును నమ్మరు. రెండవవారు బ్యాలెట్టు పట్టుకొన్న ముస్లింను నమ్మరు. ఈ రెండు అపనమ్మకాలూ ఒకదానినొకటి పెంచి పోషిస్తున్నాయి. కనుక ఆవేశాన్ని కాసేపు పక్కనపెట్టి, జరిగిన చరిత్రను వరుసగా పరిశీలించడం మంచిది.

ముందుగా ఒక మాట గురించి స్పష్టత అవసరం. తెలుగు పత్రికలలో 'మితవాదం' అనే పదాన్ని ఒకసారి అతివాదానికి వ్యతిరేకార్థంలోనూ, మరొకసారి కుడిపక్ష రాజకీయాలకు పేరుగానూ వాడుతున్నారు. అందువల్ల నేను 'సంయమనం' అంటాను. పాశ్చాత్య రాయబారులు మెచ్చుకొనే మృదుభాషణం సంయమనం కాదు. గడ్డం పొడవును బట్టి, హిజాబు ఉండటాన్ని బట్టి దానిని కొలవరాదు. ఒక రాజకీయ ఉద్యమంలో సంయమనం ఉన్నదా లేదా అని తేల్చడానికి నా దృష్టిలో మూడు గీటురాళ్ళు చాలు. మొదటిది, లక్ష్యసాధనకు హింసను మార్గంగా ఎంచుకోకపోవడం. రెండవది, ఓడినప్పుడు ఓటమిని అంగీకరించి అధికారాన్ని అప్పగించడం. మూడవది, తమతో విభేదించేవారి హక్కును తమ దయగా కాక వారి హక్కుగానే గుర్తించడం.

తలుపు మూసినచోట జరిగిందేమిటి?

అల్జీరియాలో 1991 డిసెంబరు 26న జరిగిన మొదటి విడత పోలింగులో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ 188 స్థానాలు గెలిచింది. రెండవ విడత జరగనే లేదు. 1992 జనవరిలో సైన్యం రంగప్రవేశం చేసింది, అధ్యక్షుడు రాజీనామా చేశారు, ఎన్నికలు రద్దయ్యాయి, మార్చిలో ఆ పార్టీని నిషేధించారు. ఆ తర్వాత దశాబ్దం పాటు సాగిన అంతర్యుద్ధంలో లక్షమందికి పైగా అల్జీరియన్లు ప్రాణాలు కోల్పోయారు. గ్రామాలకు గ్రామాలే ఊచకోతలకు గురయ్యాయి. ఇందులో సైన్యం నేరం మొదటిది, పెద్దది. కాని ఆ పార్టీ అగ్రనాయకులలో ఒకరైన అలీ బెల్హాజ్ ఎన్నికలలో పాల్గొంటూనే ప్రజాస్వామ్యాన్ని బహిరంగంగా తిరస్కరించారన్నదీ చరిత్రే. ఆయన ప్రసంగాలు సైన్యానికి సాకుగా ఉపయోగపడ్డాయి, మధ్యతరగతిలో భయాన్ని రేకెత్తించాయి. పార్టీని నిషేధించాక తుపాకి పట్టినవారు ఎవరిని విముక్తి చేశారు? చనిపోయినవారిలో అత్యధికులు సాధారణ ముస్లింలే కదా!

ఈజిప్టు కథ మరికొంత జటిలమైనది. 1928లో హసన్ అల్ బన్నా స్థాపించిన ఇఖ్వానుల్ ముస్లిమూన్ దశాబ్దాల పాటు నిషేధాలనూ, ఉరికంబాలనూ చూసింది. అయినా 2005లో స్వతంత్రుల పేరిట పోటీచేసి 88 స్థానాలు గెలిచి, పార్లమెంటులో ప్రతిపక్షంగా పనిచేసింది. 2011 విప్లవం తర్వాత అధ్యక్ష పదవికి పోటీ చేయబోమని ప్రకటించి, 2012లో ఆ మాట తప్పింది. ముహమ్మద్ ముర్సీ 51.73 శాతం ఓట్లతో గెలిచారు. అంటే ఓటు వేసినవారిలో దాదాపు సగం మంది ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేశారు. అంత సన్నని ఆధిక్యంతో గెలిచిన నాయకుడు 2012 నవంబరులో తన ఉత్తర్వులను న్యాయస్థానాలు ప్రశ్నించరాదని ప్రకటన జారీచేశారు. విప్లవంలో భుజం కలిపినవారు సైతం ఆ ఒక్క ప్రకటనతో దూరమయ్యారు.

అంతమాత్రాన 2013 జూలై 3 నాటి సైనిక కుట్ర న్యాయమైపోదు. ఆగస్టు 14న రాబియా కూడలిలో ఒక్కరోజున కనీసం 817 మందిని చంపారని హ్యూమన్ రైట్స్ వాచ్ నిర్ధారించింది. ఆ ఘోరాన్ని సమర్థించగల వాదన ప్రపంచంలో ఏదీ లేదు. అయితే ముర్సీకి జరిగిన అన్యాయాన్ని ఖండించే మనం, ముర్సీ ప్రభుత్వం చేసిన పొరపాటును కూడా పలకగలగాలి. ఒకటి చెప్పి రెండవది దాస్తే, మన పిల్లలకు సగం చరిత్రే అందుతుంది.

ట్యునీషియా: జైలు నుండి రాజ్యాంగం వరకు

ఇక ట్యునీషియా. రాషిద్ ఘన్నూషీ, అబ్దుల్ ఫత్తాహ్ మూరూ తదితరులు 1981లో ఒక ఇస్లామీయ రాజకీయ ఉద్యమాన్ని ప్రకటించారు. 1989లో దాని పేరు 'అన్నహ్దా' అయింది, పునరుజ్జీవనమని అర్థం. బూర్గీబా హయాంలో ఘన్నూషీకి యావజ్జీవ శిక్ష పడింది. 1987లో అధికారానికి వచ్చిన బిన్ అలీ మొదట విడుదల చేసి, 1989 ఎన్నికలలో ఈ ఉద్యమపు బలం చూశాక మరల ఉక్కుపాదం మోపారు. వేలాది కార్యకర్తలు జైళ్ళపాలయ్యారు. ఘన్నూషీ సుమారు రెండు దశాబ్దాలు ప్రవాసంలో, అందులో అధికభాగం లండనులో గడిపారు.

ఇక్కడ ఒక అంశాన్ని గమనించాలి. పండితులు కొందరు, ఎన్నికలలో చోటిస్తే ఉద్యమాలు సంయమనం నేర్చుకొంటాయంటారు. అన్నహ్దా విషయంలో సీటు దక్కకముందే మార్పు మొదలయింది. పౌర స్వేచ్ఛలపై ఘన్నూషీ రాసిన గ్రంథం 1993లో వెలువడింది. 2005 అక్టోబరు 18న వివిధ పక్షాలవారు కలిసి ఆరంభించిన నిరాహారదీక్ష నుండి ఒక ఉమ్మడి వేదిక పుట్టింది. అందులో వామపక్షీయులూ, ఉదారవాదులూ, అన్నహ్దావారూ కలిసి కూర్చొని స్త్రీపురుష సమానత్వం, విశ్వాస స్వేచ్ఛ వంటి అంశాలపై ఒక అంగీకారానికి వచ్చారు. ఒకే నియంత చేతిలో దెబ్బలు తిన్నవారు ఒకరి బాధను మరొకరు తెలుసుకొన్నారు. సంయమనం పార్లమెంటు ఇచ్చిన బహుమానం కాదు; ప్రత్యర్థితో ముఖాముఖి కూర్చొనే అలవాటు నుండి అది పుడుతుంది.

2011 జనవరి 14న బిన్ అలీ దేశం విడిచి పారిపోయారు. అదే సంవత్సరం అక్టోబరులో జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికలలో అన్నహ్దా 217 స్థానాలకు 89 గెలిచి అతిపెద్ద పక్షమయింది. జాబితాలో ఒక పురుషుని తర్వాత ఒక స్త్రీ ఉండాలన్న నియమం వల్ల ఆ సభకు మహిళలు వచ్చారు. వారిలో అత్యధికులు అన్నహ్దా జాబితాలవారే. అయినప్పటికీ అది ఒంటరిగా ఏలడానికి ప్రయత్నించలేదు. రెండు లౌకిక పార్టీలతో కలిసి ప్రభుత్వం ఏర్పరచింది. దేశాధ్యక్ష పదవిని మున్సిఫ్ మర్జూకీకి, సభాధ్యక్ష స్థానాన్ని ముస్తఫా బిన్ జాఫర్‌కు విడిచిపెట్టింది.

తర్వాత వచ్చింది అసలైన పరీక్ష. రాజ్యాంగంలో షరీఅత్‌ను చట్టాలకు మూలంగా పేర్కొనాలా? సొంత కార్యకర్తలలోనే చాలామంది అవునన్నారు. 2012 మార్చిలో పార్టీ వద్దని నిర్ణయించింది. దేశపు మతం ఇస్లాం అని చెప్పే 1959 నాటి రాజ్యాంగపు మొదటి అధికరణే చాలునని తేల్చింది. అదే సంవత్సరం ముసాయిదాలో స్త్రీని పురుషునికి 'పూరకం'గా వర్ణించే వాక్యం వచ్చినప్పుడు మహిళలు వీధులలోకి వచ్చారు; ఆ వాక్యం తొలగిపోయింది. 2014 జనవరి 26న రాజ్యాంగం 200 ఓట్లతో ఆమోదం పొందింది. వ్యతిరేకించినవారు 12 మంది, తటస్థులు నలుగురు. రాజ్యం మతాన్ని పరిరక్షిస్తూనే విశ్వాస స్వేచ్ఛకూ, అంతరాత్మ స్వేచ్ఛకూ పూచీ పడుతుందని ఆరవ అధికరణం చెప్పింది.

ఇదంతా సాఫీగా జరగలేదు. 2013 ఫిబ్రవరిలో వామపక్ష నాయకుడు షుక్రీ బిల్ఈద్, జూలైలో ముహమ్మద్ బ్రాహ్మీ హత్యకు గురయ్యారు. సాయుధ సలఫీ ముఠాల పట్ల అన్నహ్దా ప్రభుత్వం చాలాకాలం మెతకగా వ్యవహరించిందన్న విమర్శలో సత్యం ఉంది. దేశం అంతర్యుద్ధపు అంచుకు చేరినప్పుడు కార్మిక సంఘం, పారిశ్రామికుల సంఘం, మానవహక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం కలిసి మధ్యవర్తిత్వం వహించాయి. ఈ నాలుగు సంస్థలకు 2015లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. వాటి సలహాపై, ఏ ఎన్నికలోనూ ఓడిపోకుండానే, అన్నహ్దా ప్రధానమంత్రి 2014 జనవరిలో పదవి విడిచారు. అదే సంవత్సరం ఎన్నికలలో ఆ పార్టీ 69 స్థానాలకు పడిపోయింది. ఘన్నూషీ విజేతకు ఫోన్ చేసి అభినందించారు. 2016 మహాసభలో, దావత్ కార్యం వేరు, రాజకీయం వేరని తీర్మానించి, తమను 'ముస్లిం ప్రజాస్వామ్యవాదులు'గా పిలుచుకొన్నారు.

ఉద్యోగకాలంలో నేను అనేక ఎన్నికలలో పోలింగు విధులు నిర్వహించాను. పాతకాలపు బ్యాలెట్ పెట్టెలకు లక్క ముద్ర వేసేటప్పుడు పోటీలో ఉన్న పక్షాల ఏజెంట్లను పిలిచి, మీరూ ముద్ర వేయండని అడిగేవాళ్ళం. తాను ఓడిపోతానని ముఖం మీదే రాసి ఉన్న ఏజెంటు కూడా ముద్ర వేసేవాడు. ప్రజాస్వామ్యానికి ఆ ముద్రే ఆయువుపట్టు అని నా నమ్మకం. గెలిచినవాడి ఊరేగింపును ఏ రాజ్యంలోనైనా చూడవచ్చు. ఓడినవాడి సంతకం మాత్రం చట్టం మీద నమ్మకం ఉన్నచోటనే దొరుకుతుంది. 2014లో అన్నహ్దా చేసిన పని ఆ సంతకం వంటిది.

మరి ఎందుకు ఓడిపోయారు?

ఇంత చేసినా 2021 జూలై 25న అధ్యక్షుడు ఖైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశారు. మరునాటి ఉదయం సభాధ్యక్షుడైన ఘన్నూషీని సైనికులు పార్లమెంటు గేటు వద్దనే ఆపివేశారు. 2023 ఏప్రిల్‌లో, ఎనభై ఏళ్ళు దాటిన వయసులో, ఆయనను అరెస్టు చేశారు. తర్వాత పలు కేసులలో జైలు శిక్షలు విధించారు. లౌకికవాదులూ, న్యాయవాదులూ, పాత్రికేయులూ సైతం అదే చెరసాలలకు చేరారు. బాధ కలిగించే అంశం మరొకటి ఉంది: పార్లమెంటు మూతబడిన రాత్రి చాలామంది ప్రజలు వీధులలోకి వచ్చి సంబరపడ్డారు.

ఎందుకు? సంయమనం వల్ల అన్నహ్దా ఓడిపోయిందని మన యువకులు అనుకొంటే అది పొరపాటు. రెండు వేరే కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అన్నం. 2010 డిసెంబరులో సీదీ బూజీద్‌లో బండిపై పండ్లు, కూరగాయలు అమ్ముకొనే యువకుడు ఒంటికి నిప్పంటించుకోవడంతో విప్లవం మొదలయింది. పదేళ్ళ తర్వాత కూడా ఆ ప్రాంతపు యువతకు ఉద్యోగాలు రాలేదు. పాత పాలకవర్గంతో పొత్తు కుదుర్చుకొనే తొందరలో, బిన్ అలీ కాలపు అధికారులకు క్షమాభిక్ష ప్రసాదించే 2017 నాటి చట్టానికి అన్నహ్దా మద్దతు పలికింది. పెద్దలతో రాజీ కుదిరింది. పేదల బాధ మిగిలిపోయింది. 2019లో ఆ పార్టీ 52 స్థానాలకు దిగజారింది. రెండవది, న్యాయస్థానం. రాజ్యాంగం ప్రకారం ఏర్పడవలసిన రాజ్యాంగ న్యాయస్థానం ఏళ్ళ తరబడి ఏర్పడలేదు. పార్టీలు న్యాయమూర్తుల పేర్లపై బేరసారాలాడుతూ కాలం గడిపాయి. ఆ నింద అన్ని పక్షాలదీ, పెద్దపక్షమైన అన్నహ్దాదీ. 2021లో అధ్యక్షుని చర్య చట్టబద్ధమా కాదా అని తేల్చే గడప ఆ దేశంలో లేకపోయింది.

ఇంకొక విచిత్రం చూడండి. అన్నహ్దా షరీఅత్ ప్రస్తావనను రాజ్యాంగంలో చేర్చకుండా వదిలివేసింది. పార్లమెంటును మూసివేసిన సయీద్ 2022లో తన రాజ్యాంగపు అయిదవ అధికరణంలో, ఇస్లాం పరమార్థాలను సాధించే అధికారం రాజ్యానిదేనని రాయించుకొన్నారు. చట్టపుస్తకంలో మతం పేరు ఉన్నంత మాత్రాన న్యాయం రాదనడానికీ, మతం పేరు ఎత్తినవారే నియంతలవుతారనే ప్రచారం ఎంత తప్పుడుదో చూపడానికీ ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పాల్గొనడమే సర్వరోగ నివారిణి అని కూడా అనలేము. తుర్కియేలో 2002లో 34 శాతం ఓట్లతో అధికారంలోకి వచ్చిన ఏకేపీ తొలి సంవత్సరాలలో సైనిక పెత్తనాన్ని తగ్గించి, హక్కులను విస్తరించింది. బలం పెరిగిన కొద్దీ విమర్శకులను, పత్రికలను అణచింది. మొరాకోలో జస్టిస్ అండ్ డెవలప్‌మెంట్ పార్టీ 2011లో 107, 2016లో 125 స్థానాలు గెలిచింది. అసలు అధికారం రాజు చేతిలోనే ఉండగా ఆయన నిర్ణయాలకు సంతకం పెట్టే పార్టీగా మారి, 2021లో 13 స్థానాలకు పడిపోయింది. ఇజ్రాయెల్‌తో సంబంధాల ఒప్పందంపై సంతకం చేసింది ఆ పార్టీ ప్రధానమంత్రే. అదుపులేని అధికారం ఒకరిని చెడగొట్టింది. అధికారం లేని పదవి మరొకరిని చెడగొట్టింది.

మనకు వర్తించేది ఏది?

ఈ దేశాలన్నీ ముస్లిం ఆధిక్య దేశాలు. మన స్థితి వేరు. ఇక్కడ ప్రశ్న ఇస్లామీయ రాజ్యం గురించి కాదు, సమాన పౌరసత్వం గురించి. అయినా మనకు ఈ చర్చతో సంబంధం లేదనలేము. ఇరవయ్యవ శతాబ్దపు ఇస్లామీయ రాజకీయ ఆలోచనను తీర్చిదిద్దినవారిలో ఒకరైన మౌలానా మౌదూదీ 1903లో నాటి హైదరాబాదు సంస్థానంలోని ఔరంగాబాదులో జన్మించారు. ఆయన 1941లో స్థాపించిన జమాఅత్ నుండి, విభజన తర్వాత 1948లో జమాఅతె ఇస్లామీ హింద్ విడిగా ఏర్పడింది. తొలి దశాబ్దాలలో దాని సభ్యులు ఓటు వేయరాదన్న నియమం ఉండేది. సుదీర్ఘమైన అంతర్గత చర్చల తర్వాత 1980లలో ఆ నియమాన్ని సడలించారు. 2011లో ఆ సంస్థ చొరవతోనే వెల్ఫేర్ పార్టీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1992లో ఆ సంస్థపై నిషేధం విధించినప్పుడు అది న్యాయస్థానం మెట్లెక్కింది. 1994 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టిన ఉత్తర్వును కొట్టివేసింది. ఆ సంస్థ భావాలతో ఏకీభవించినా, విభేదించినా, ఈ ప్రయాణం గమనించదగినది. ట్యునీషియాలో కొరవడిన గడప మనకు ఉన్నది. దానిని కాపాడుకోవడం మన పని.

పోతే మూడవ గీటురాయి మనలను కూడా పరీక్షిస్తుంది. ఇక్కడ అల్పసంఖ్యాకులుగా మనం అడిగే హక్కులను, ముస్లిం ఆధిక్య దేశాలలోని అల్పసంఖ్యాకులకూ, విభేదించేవారికీ ఉండాలని అడుగుతున్నామా? ట్యునీషియాలోని జర్బా ద్వీపంలో తరతరాలుగా యూదులు నివసిస్తున్నారు. వారి ప్రార్థనాలయానికి రక్షణ కావాలని మనం మనస్ఫూర్తిగా అనగలిగితేనే, మన మసీదు గోడకు రక్షణ కావాలన్న మాటకు బరువు వస్తుంది. త్రాసులో రెండు రకాల రాళ్ళు వాడే వ్యాపారిని మన ధర్మం మెచ్చుకోదు.

అదే త్రాసును ఎదుటివారి ముందు కూడా ఉంచాలి. ముస్లింలను సంయమనం చూపమని గంటల తరబడి బోధించేవారు, ఆ సంయమనం చూపినవారిని జైలులో పెట్టినప్పుడు నోరు విప్పారా? రాబియా నాడు, 2021 జూలై నాడు మౌనం వహించిన ప్రభుత్వాలకు మాకు పాఠాలు చెప్పే అర్హత తగ్గుతుంది. సంయమనం ఒకవైపే ఉండవలసిన సద్గుణం కాదు. రాజ్యమూ దానిని పాటించాలి.

యువకుల ప్రశ్నకు ఇక నా సమాధానం. బ్యాలెట్టు మోసపోయిన చోట్ల తుపాకి గెలిచిందా? అల్జీరియాను చూడండి. ఇంటిలో కూర్చొని అలిగినవారికి హక్కులు నడిచివచ్చాయా? ఎక్కడా రాలేదు. అన్నహ్దా ఓడిపోయి ఉండవచ్చు. కాని నేడు ట్యునీషియా జైళ్ళలో ఇస్లామీయులూ, లౌకికవాదులూ పక్కపక్కనే ఉన్నారు. రేపు ఆ దేశం మరల కోలుకొంటే, కలిసి రాసుకొన్న 2014 రాజ్యాంగం వారికి గుర్తుంటుంది.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ఓటర్ల జాబితాలో ఇంటిల్లిపాది పేర్లు ఉన్నాయో లేదో ఎన్నికల ముందురోజు కాక, ఇప్పుడే చూసుకోండి. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6, తప్పులున్నా చిరునామా మారినా ఫారం 8 నింపించండి. పేరు తొలగింపుకు నోటీసు వస్తే నిర్లక్ష్యం చేయకుండా రాతపూర్వకంగా జవాబివ్వండి, రసీదు దాచుకోండి. ఆపై మన మొహల్లాను చూడండి. ఏళ్ళ తరబడి ఎన్నిక లేని మసీదు కమిటీలు, లెక్కలు చూపని సంఘాలు, మహిళలకు ఒక్క కుర్చీ కూడా వేయని సభలు మనలో లేవా? సంప్రదింపు, అంటే షూరా, మన సంప్రదాయమని గర్వంగా చెప్పుకొంటాము. ఆ గర్వం నిజం కావాలంటే, వచ్చే కమిటీ ఎన్నికలో ఓడిన వర్గం కూడా లెక్కల పుస్తకంపై సంతకం చేసే పరిస్థితి కల్పించాలి. దేశాన్ని మనం అడిగే న్యాయాన్ని ముందు మన కమిటీ గదిలో అమలు చేసి చూపుదాం.